ఆరో ఇంటి అలక మూల

“పద్నాలుగు ఇటుకలు తీశాడు. అందులో తొమ్మిది విరిగాయి” అంది డిటెక్టివ్, మెట్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని.

“ఇటుకల లెక్క పంచనామాలో ఉందక్కా” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“విరిగినవి ఎన్నో రాశావా?”

అతను టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. చిన్నప్పటి నుంచీ అంతే, ఓడిపోతున్నానని తెలిస్తే చేతులకు ఏదో పని కల్పించుకుంటాడు. అతనికన్నా ఆరేళ్ళు పెద్దదైన డిటెక్టివ్ ఆ సంగతి గమనించనట్టు నటించింది. ఆమె పోలీసు ఉద్యోగం వదిలి సొంత ఆఫీసు పెట్టుకుని ఎనిమిదేళ్ళయింది. ఆదివారం పూట తమ్ముడు ఆమె ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటాడు. మిగతా ఆరు రోజులూ ఎదురుపడితే పోట్లాటే.

కేసు చూడ్డానికి చిన్నదే. రెండు నెలల క్రితం పోయిన ఒక ఆర్కిటెక్టు తన జీవితంలో ఆరే ఆరు ఇళ్ళు కట్టాడు. కొత్త పద్ధతి ఇళ్ళు, ఎక్కడా ఒక్క నగిషీ ఉండదు. పదకొండు రోజుల్లో వాటిలో మూడిళ్ళలో ఎవరో పట్టపగలు దూరి, మెట్ల కింద గోడ పగలగొట్టి వెళ్ళారు. ఏ ఇంట్లోనూ గుండుసూది పోలేదు. ఆర్కిటెక్టు భార్య డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చి, “ఆయన కట్టిన గోడలమ్మా. ఎవరు, ఎందుకు కొడుతున్నారో చూడు” అని కళ్ళు తుడుచుకుంది. నిన్న నాలుగోసారి జరిగింది. ఈసారి ఆయన ఆఖరున కట్టిన ఆరో ఇల్లు. ఒక పళ్ళ డాక్టరమ్మ ఉంటున్న ఇల్లు.

“టైములు చెప్పు” అంది డిటెక్టివ్.

“డాక్టరమ్మ క్లినిక్కి బయల్దేరింది పది నలభైకి. రోజూ ఒంటిగంట దాకా రారు. నిన్న ఎవరో పేషెంటు రానన్నారని పదకొండూ ఇరవై అయిదుకే వచ్చేశారు. తాళం తీస్తుంటే వెనక తలుపు దభీమని కొట్టుకున్న చప్పుడైంది. పదకొండు నుంచి పదకొండూ పావు దాకా, సంచిలో సుత్తీ ఉలీ పెట్టుకుని ఒక మనిషి గేటు ముందు తచ్చాడాడని ఎదురింటి టైలర్ చెప్పాడు. ఎవరా అని చూస్తే, ఈ ఆరిళ్ళ గోడలూ కట్టిన మేస్త్రే!” ఇన్‌స్పెక్టరు గొంతులో గెలుపు దాగలేదు. “అడిగితే నోరు విప్పడు. ఇంకేం కావాలి నీకు?”

వరండాలో కానిస్టేబుల్ పక్కన మేస్త్రి కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. మీద ఆరోపణ ఉన్న మనిషిలా లేడు. ఎదురుగా ఉన్న గచ్చు అంచు వంక పోయిందేమోనని ఒంటికన్ను మూసి చూసుకుంటున్నాడు.

డిటెక్టివ్ విరిగిన ఇటుక ఒకటి తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టింది. “ఇది మీరు తీసిందేనా?”

మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి, మొహం చేదు తిన్నట్టు పెట్టాడు. “ఇటుక నడిమధ్యన కొట్టాడమ్మా! సందులో సున్నం గీకి, కాస్త కదిపితే అదే వస్తుంది. పద్నాలుగు ఇటుకలు తియ్యడానికి నాకు పది నిమిషాలు చాలు. ఒక్కటీ విరగదు.”

“మరి మీరు గేటు దగ్గర నిలబడ్డప్పుడు లోపల చప్పుడు వినపడిందా?”

“మిగతా ఇళ్ళ సంగతి విని, ఇది చూసిపోదామని పని సంచితోనే వచ్చాను. చప్పుడు వినపడింది. చెయ్యి తిరగని దెబ్బ. రెండు కొట్టి ఆగడం, రెండు కొట్టి ఆగడం.”

“అరవొచ్చు కదయ్యా?” ఇన్‌స్పెక్టరు మధ్యలో అందుకున్నాడు. “దొంగ గోడ పగలగొడుతుంటే పావుగంట సేపు వింటూ నిలబడతావా? పైగా టైలర్ ఏం చెప్పాడో తెలుసా అక్కా? వెళ్ళేటప్పుడు ఈయన నవ్వుకుంటూ వెళ్ళాడట!”

మేస్త్రి తల దించుకున్నాడు. “అది మాత్రం అడక్కండి బాబూ. చెప్పలేను.”

“చూశావా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“చూశాను” అంది డిటెక్టివ్. “ఆయన్ని స్టేషన్‌కి తీసుకెళ్ళకు. ఒక గంట ఆగు.”

“ఎందుకాగాలి? నాకూ పైవాళ్ళున్నారు. నువ్వు ఆగమన్నావని ఆగితే, అక్క కొంగు పట్టుకుని తిరుగుతాడని స్టేషనంతా అంటారు.”

“ఇప్పుడు మాత్రం అనట్లేదా?”

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు. పదకొండున్నర. “పన్నెండున్నర. ఒక్క నిమిషం దాటినా ఊరుకోను” అన్నాడు.

డిటెక్టివ్ వంటింట్లోకి వెళ్ళింది. గత మూడు రోజుల్లో ఆమె మిగతా అయిదిళ్ళూ చూసి వచ్చింది. వేర్వేరు వీధులు, వేర్వేరు స్థలాలు, అయినా ప్రతి ఇంట్లోనూ కొన్ని సంగతులు మళ్ళీ మళ్ళీ కనిపించాయి. గుమ్మం పక్కన, చేతిలో బరువు దించుకోవడానికి నడుమెత్తు అరుగు. మెట్ల కింద ఒక్క మనిషి పట్టే రాతి బల్ల. ఆ బల్ల పక్కనే ఇటుకంత గూడు. వంటింటి గోడకి చిన్న కిటికీ. దాని తలుపు తెరిస్తే మెట్ల కింది బల్ల సరిగ్గా ఎదురుగా కనిపిస్తుంది. అయిదిళ్ళలోనూ అంతే.

ఇక్కడ వంటింటి గోడకి ఆ కిటికీ ఉంది. డిటెక్టివ్ తలుపు లాగింది. బల్లా లేదు, మెట్లూ లేవు. అడ్డంగా ఒక చెక్క పలక ఉంది.

“అది నా పుస్తకాల అలమర వెనక భాగం” అంది డాక్టరమ్మ. “ఇల్లు కొన్నప్పటి నుంచీ మెట్లకి కుడిపక్క ఆ అలమరే. ఎడమపక్క చెప్పుల బల్ల పెట్టుకున్నాం.”

“దొంగ పగలగొట్టింది చెప్పుల బల్ల వెనక గోడ కదూ?”

“అవును. అక్కడేముంటుందండీ, నా పాత చెప్పులు తప్ప?”

డిటెక్టివ్ హాల్లోకి వచ్చి తమ్ముణ్ణి పిలిచింది. “ఒరేయ్, మిగతా ఇళ్ళన్నిట్లో బల్ల మెట్లకి ఎడమవైపు. ఈ ఇంట్లో కిటికీ కుడివైపుకి చూస్తోంది. అంటే ఇక్కడ అసలు మూల కుడివైపు, ఆ అలమర వెనక. దొంగ తప్పు గోడ పగలగొట్టాడు. తన చేత్తో కట్టిన మేస్త్రి అయితే అలా పొరపడతాడా?”

ఇన్‌స్పెక్టరు కిటికీని చూశాడు, అలమరని చూశాడు, పగిలిన గోడని చూశాడు. “ఎవరు పొరపడతారు మరి?”

“ఈ ఇంటి ప్లాను కాగితం చూసినవాడు. ఇల్లు చూడనివాడు.”

ఆమె వరండాలోకి వెళ్ళి మేస్త్రి పక్కనే గచ్చు మీద కూర్చుంది. “మేస్త్రిగారూ, నిన్న మీరెందుకు నవ్వుకున్నారో నాకు తెలిసింది. దెబ్బలు ఎడమ గోడ మీద పడుతున్నాయని చప్పుడుని బట్టే కనిపెట్టారు. అసలు గోడ క్షేమం. అరిస్తే, ఇక్కడ నిజంగానే ఏదో దాచారని వాడికి తెలిసిపోతుందని అరవలేదు. అంతేనా?”

మేస్త్రి గచ్చు అంచు మీద వేలు జరిపాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “పునాది తవ్వుతుంటే మెట్లకి ఎడమపక్క ఊట తగిలిందమ్మా. చెమ్మలో మనిషి ఎలా కూర్చుంటాడని అయ్యగారు మూలని కుడివైపుకి తిప్పేశారు. ప్లాను దిద్దలేదు. ఆ రోజుల్లో ఆయనకి దిద్దే ఓపిక లేదు.”

“ఆ మూలలో ఏముంది?”

“అమ్మగారు వచ్చి అడగాలి. అమ్మగారు నోరు తెరిచి అడిగితేనే చెప్పమన్నారు అయ్యగారు. ముప్పై ఒక్క ఏళ్ళయింది. ఆ అమ్మ అడగలేదు, నేను చెప్పలేదు.”

డిటెక్టివ్ ఫోన్ తీసింది.

పన్నెండుకి అయిదు నిమిషాల ముందు గేటు దగ్గర కారు ఆగింది. ఆర్కిటెక్టు భార్య దిగింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, చేతికర్ర లేకుండా చకచకా నడుస్తోంది. వెనకాలే ఆమె తమ్ముడు, పేరుమోసిన ఇంజినీరు, అరవై దాటినవాడు. బావ పోయినప్పటి నుంచీ అక్కని ఎక్కడికైనా తనే కార్లో తిప్పుతున్నాడు. గుమ్మం దగ్గర మెట్టు వస్తే ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. “వదలరా, నేనేం పసిపిల్లనా” అంటూనే ఆమె చెయ్యి వదిలించుకోలేదు.

పగిలిన గోడని చూసి పెద్దావిడ పెదవి కొరుక్కుంది. “అలక మూల అంటే ఇంత పగేమిటమ్మా వీళ్ళకి?”

“అలక మూలా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆమె మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. “పెళ్ళయిన కొత్తలో ఒకే గది బాబూ మాది. కోపం వస్తే వెళ్ళి కూర్చోవడానికి చోటు లేక, నేను మేడ మెట్ల కింద దూరేదాన్ని. ఈయనేమో చీటీ రాసి మెట్ల సందులోంచి లోపలికి తోసేవారు. తప్పు నాదే, రా, టీ చల్లారిపోతోంది అని. ఒక్కోసారి మూడేసి చీటీలు! అప్పుడన్నారు, ‘ఇంట్లో అన్నిటికీ గదులు కడతాం, అలగడానికి మాత్రం కట్టం. నేను కట్టే ప్రతి ఇంట్లోనూ కడతాను’ అని. ఆ గూడు చీటీ కోసం. ఆ కిటికీ ఎందుకనుకున్నారు? అలిగిన మనిషి వంటింట్లో వాళ్ళకి కనపడుతూ ఉండాలట. అలగనివ్వాలి కానీ ఒంటరిగా వదిలెయ్యకూడదట.”

డాక్టరమ్మ టీ కప్పులు తెచ్చింది. “అయ్యో, అంత మంచి మూలకి నేను అలమర అడ్డం పెట్టానే” అని నొచ్చుకుంది. ఇంజినీరు కప్పు అందుకోబోయి, ఎడమచెయ్యి వెనక్కి తీసుకుని కుడిచేత్తో అందుకున్నాడు. ఎడమ బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది.

“ఏమైంది సార్?” అంది డిటెక్టివ్.

“కారు తలుపులో పడింది” అన్నాడతను.

“మూడు రోజులు కారు ముట్టుకోకురా అంటే వినడు” అంది అక్క.

డిటెక్టివ్ పెద్దావిడ వైపు తిరిగింది. “అమ్మా, ఈ గోడల్లో ఏదో ఉందని ఎవరికైనా ఎలా తెలిసి ఉంటుంది?”

పెద్దావిడ కప్పు కింద పెట్టింది. “పోయే ముందు రోజు ఆయన ఒక మాటన్నారు. ‘నీకివ్వాల్సిన చీటీ ఒకటి అలక మూల గోడలో ఉండిపోయింది’ అని. మందుల మత్తులో అంటున్నారనుకున్నాను. మా ఇంట్లో ఆ మూలంతా వెతికాను కూడా. ఏమీ లేదు.”

“అప్పుడు గదిలో ఎవరున్నారు?”

“నేను, మా తమ్ముడు.”

“ఇళ్ళ ప్లాన్లు ఎక్కడున్నాయి?”

“వీడి దగ్గరే. పుస్తకం వేయిస్తానని పట్టుకెళ్ళాడు.” అలా అన్నాక ఆమె ఆగింది. తను అన్న మాటని తనే మళ్ళీ విన్నట్టు తమ్ముడి వైపు చూసింది. ఇంజినీరు టీ తాగుతున్నాడు.

డిటెక్టివ్ ఇంకేమీ అడగలేదు. “అమ్మా, మేస్త్రిగారిని మీరొక మాట అడగాలి” అంది.

పెద్దావిడ వరండా గుమ్మంలోకి వెళ్ళింది. మేస్త్రి లేచి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని చాలా ఏళ్ళయినట్టుంది. “బాగా చిక్కిపోయావయ్యా” అంది ఆమె. “మా ఆయన నీ దగ్గర ఏమైనా దాచారా?”

మేస్త్రి కళ్ళు చెమర్చాయి. “ఇన్నాళ్ళకి అడిగారా తల్లీ” అన్నాడు.

ఇన్‌స్పెక్టరు, కానిస్టేబుల్, డాక్టరమ్మ కలిసి పుస్తకాలు దించి అలమర పక్కకి జరిపారు. వెనకాల ఒక్క మనిషి పట్టే రాతి బల్ల, దుమ్ము కింద నున్నగా ఉంది. గూడు మాత్రం లేదు. మేస్త్రి గోడ మీద చెయ్యి ఆనించి నెమ్మదిగా జరుపుతూ వెళ్ళి, ఒకచోట ఆపాడు. ఇన్‌స్పెక్టరు తనే సంచి తెచ్చి అతనికి సుత్తీ ఉలీ అందించాడు. “పెద్దాయనా, తప్పుగా అనుకున్నాను” అన్నాడు చిన్న గొంతుతో. ఆ మాట విని డిటెక్టివ్ మొహం తిప్పుకుంది. తను నవ్వడం చూస్తే వాడు ఉడుక్కుంటాడు.

నిమిషంలో ఇటుక వచ్చింది. ఒక్క పెచ్చు ఊడలేదు. లోపల మైనపు గుడ్డ చుట్టిన పొట్లం ఉంది.

“అక్కా, కళ్ళజోడు తెచ్చుకోలేదుగా. ఇలా ఇవ్వు, నేను చదువుతాను” అన్నాడు ఇంజినీరు, లేచి దగ్గరికొచ్చి.

“తెచ్చుకున్నాను” అంది పెద్దావిడ. బల్ల మీద కూర్చుని పొట్లం విప్పింది. ఒక చీటీ, దాని కింద నాలుగు మడతల నీలం కాగితం. ఆమె చీటీ పైకే చదవడం మొదలుపెట్టింది.

“నా మీద నీకు చాలా కోపంగా ఉంది. ఉండాలి కూడా. మార్కెట్ హాలు పైకప్పు కూలింది నా తప్పు వల్లేనని కోర్టులో ఒప్పుకున్నాను. సెలవు రోజు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎంతమంది పోయేవారో. కాపలా ఆయనకి కాలు పోయింది. నేను ఇంక కట్టనన్నాను. ఎందుకు ఒప్పుకున్నావని నువ్వు అడిగావు. నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆ దూలానికి నేను ఎనిమిది ఇనప ఊచలు గీశాను. లెక్క తనకి బాగా తెలుసని, అయిదు చాలని మార్చింది...”

ఆమె చదవడం ఆపింది. తర్వాతి వాక్యాలు ఆమె పెదవులతో చదువుకుంది. మళ్ళీ మొదటి నుంచి చదువుకుంది. అప్పుడు, చదువు నేర్చుకునే పిల్లలా ఒక్కో మాటే పలుకుతూ పైకి చదివింది.

“మార్చింది నీ తమ్ముడు. వాడి చేతిరాత ఉన్న కాగితం ఇందులోనే పెట్టాను. వాడికి ముప్పై రెండేళ్ళు. నీ చేతుల్లో పెరిగినవాడు. వాణ్ణి జైల్లో చూసి నువ్వు బతకలేవు. నా పేరు పోతే నువ్వు నా మీద అలుగుతావు, అంతే. నీ అలక నాకు అలవాటే. టీ చల్లారిపోతోంది, రా.”

పెద్దావిడ చీటీని ఒళ్ళో పెట్టుకుని, దాని ముడతలు అరచేత్తో సాపు చేసింది. “ముప్పై ఒక్క ఏళ్ళు” అంది. “ఏ రోజూ మనసు విప్పి మాట్లాడలేదు ఆయనతో. కాఫీ ఇచ్చాను, మందులిచ్చాను. నిజం దాచారని అలిగే ఉన్నాను.”

మేస్త్రి ఇంజినీరు దగ్గరికి నడిచాడు. అతని ఎడమచెయ్యి అందుకుని, బొటనవేలి గుడ్డ విప్పాడు. ఇంజినీరు అడ్డుపడలేదు. గోరు నల్లగా కమిలిపోయి ఉంది. “ఉలి పట్టుకున్న వేలు బాబూ. కొత్తలో నాకూ ఇలాగే అయింది” అన్నాడు మేస్త్రి, కోపం లేకుండా.

ఇన్‌స్పెక్టరు ఒక అడుగు ముందుకేశాడు. డిటెక్టివ్ అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఈసారి అతను విదిలించుకోలేదు.

“అక్కా, ఆ కాగితం...” అన్నాడు ఇంజినీరు. “నీ కంట పడకూడదనే. ఒట్టు. జైలుకి భయపడి కాదు. నువ్వు నన్ను చూసే చూపు మారిపోతుందని.”

“ఇలా రా. కూర్చో” అంది పెద్దావిడ, బల్ల మీద ఒక పక్కకి జరిగి. ఒక్కరికే పట్టే బల్ల అది. అతను ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు.

“ఈ చీటీ వెనకవైపు ఇంకో మాట రాసి ఉంది” అందామె. “‘అలాంటి దూలం ఇంకెప్పుడూ వెయ్యనని వాడు నా చెయ్యి పట్టుకుని మాటిచ్చాడు. అందుకే క్షమించాను.’ నిజమేనా? మాటిచ్చావా?”

“ఇచ్చాను.”

“నిలబెట్టుకున్నావా?”

అతను తల ఎత్తలేదు.

“నిన్నేరా అడుగుతున్నాను.”

“హాలు కూలేటప్పటికే ఇంకొకటి కట్టడం అయిపోయిందక్కా” అన్నాడతను. “అదే లెక్క. అవే అయిదు ఊచలు. మాటిచ్చినప్పుడు బావకి ఆ సంగతి చెప్పలేదు. రోజూ ఆ దారినే వెళ్ళి చూసేవాణ్ణి. నిలబడే ఉంది. ఏడాది గడిచింది, పదేళ్ళు గడిచాయి. నా లెక్కే రైటేమో అనుకోవడం మొదలుపెట్టాను. పోయిన నెల దానిమీద ఇంకో అంతస్తు వేశారు.”

“ఏ బిల్డింగ్?” డిటెక్టివ్ గొంతు పదునెక్కింది.

అతను కళ్ళు మూసుకున్నాడు. “లైబ్రరీ వెనక ఆడపిల్లల బడి. మధ్య హాలు. వారం క్రితం దూలం కింద పగులు చూశాను. సన్నగా, వెంట్రుకంత. నిన్న చూస్తే అందులో నా వేలి గోరు పట్టింది.”

ఇన్‌స్పెక్టరు అప్పటికే ఫోన్ చెవికి ఆనించి గేటు వైపు పరిగెడుతున్నాడు. “అక్కా, టైమెంత?” అని అరిచాడు.

“పన్నెండూ పది. పిల్లలు పన్నెండున్నరకి భోజనాలకి ఆ హాల్లోకే వస్తారు” అంది డాక్టరమ్మ పాలిపోయిన మొహంతో. “మా అమ్మాయి అక్కడే చదువుతోంది.”

మేస్త్రి సంచి భుజాన వేసుకున్నాడు. “ఊతానికి దుంగలు కావాలమ్మా. దారిలో ఎక్కడున్నాయో నాకు తెలుసు” అన్నాడు.

పెద్దావిడ లేచి, చీటీ మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. రెండో చేత్తో తమ్ముడి చొక్కా కాలరు పట్టుకుని, అరవై ఏళ్ళు దాటిన మనిషిని పసివాణ్ణి లేపినట్టు నేల మీంచి లేపింది.

“ఏడుపు తర్వాత. కారు తియ్యి” అంది. “పగులు ఎక్కడుందో నువ్వొక్కడివే చూపించగలవు.”